నాట్యంతో మరో కళను కలపాలనుకునే సీమ యువతకు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అనంతపురంలో కూచిపూడి నేర్పుతాను. తోలుబొమ్మల వాళ్లతో, చెక్కభజన బృందాలతో కలిసి ప్రదర్శనలు కూడా చేస్తుంటాను. అందుకే కడప నుంచి, కర్నూలు నుంచి, మా ఊళ్లోనే నాలుగు వీధుల అవతల నుంచి కూడా కొత్తగా కొరియోగ్రఫీ మొదలుపెట్టినవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేస్తుంటారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలు ఇవి.

ఫ్యూజన్ అంటే ఏమిటి? సినిమా పాటకు కూచిపూడి అడుగులు వేస్తే ఫ్యూజన్ అయినట్టేనా?

నా దృష్టిలో కాదు. అది వేరే పాటకు వేసిన కూచిపూడి, అంతే. తప్పేమీ లేదు, కానీ అందులో రెండు కళలు కలవలేదు.

నేను పిల్లలకు ఒక పరీక్ష చెబుతాను. మీ ఐటమ్‌లోంచి ఆ రెండో కళను తీసేసి ఒకసారి ఆడి చూడండి. నాట్యం ఎప్పటిలాగే సాఫీగా సాగిపోయిందా? అయితే ఆ రెండోది అలంకారానికి పెట్టిందే. అది లేకపోతే అడుగు తడబడాలి, కథ ఆగిపోవాలి. అప్పుడే నిజంగా కలిసినట్టు. వెనక ఎల్‌ఈడీ తెర మీద గుడి బొమ్మలు తిప్పి దానికి మల్టీమీడియా అని పేరు పెడుతున్నారు. ఆ తెర ఆపేసినా నర్తకి చేసేదేమీ మారకపోతే ఆ ఖర్చు దేనికి?

ఇదంతా బయటి పోకడ కదా? మన శాస్త్రీయ నృత్యాన్ని పాడుచేసినట్టు కాదా?

కూచిపూడినే చూడండి. పాట, మాట, నాట్యం, నటన కలిసిన యక్షగాన సంప్రదాయంలోంచి పెరిగింది. అందులో సింహనందిని అనే అంశం ఉంది. నేల మీద రంగుపొడి పరిచి, నర్తకి అడుగులు వేస్తూ పాదాలతోనే సింహం బొమ్మ గీస్తుంది. దాని తాళం సింహనందనం, ఒక్క ఆవృతానికి, అంటే తాళం ఒక చుట్టు తిరగడానికి, 128 అక్షరాలు (లెక్కలు). చిత్రలేఖనం, లయ, నాట్యం మూడూ ఒకే పాదంలో ఉన్నాయక్కడ. దీన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చిన సి.ఆర్. ఆచార్యులు గారు కూచిపూడి గురువే.

దేశంలో చూసినా ఇది ఈనాటిది కాదు. ఉదయ్ శంకర్ లండన్‌లో చిత్రకళ చదువుకుని నాట్యంలోకి వచ్చారు. హిమాలయాల్లోని అల్మోరాలో నృత్య కేంద్రం నడిపిన రోజుల్లో రామలీలను నీడల ఆటగా, మనుషుల నీడలతో తెర మీద ఆడించారు. చంద్రలేఖ 1985లో ‘అంగిక’లో భరతనాట్యం పక్కన యోగాను, కేరళ యుద్ధవిద్య కలరిపయట్టును నిలబెట్టారు. కాంటెంపరరీ నర్తకుడు అస్తాద్ దేబూ మణిపుర్ మద్దెల ‘పుంగ్’ వాద్యకారులతోనూ, బొమ్మలాట కళాకారుడు దాదీ పుదుంజీతోనూ పనిచేశారు. వీళ్లెవరూ దారి తెలియక కలిపినవాళ్లు కాదు, తమ విద్య గట్టిగా తెలిసి కలిపినవాళ్లు.

అయితే ముందు ఒక నృత్యం పూర్తిగా నేర్చుకోవాలా? ఎన్నేళ్లు పడుతుంది?

పూర్తిగా అనేది ఎవరికీ ఉండదు కానీ, ఒకదాంట్లో ఒళ్లు కుదురుకోవాలి. ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలల్లో సర్టిఫికెట్ కోర్సు 4 ఏళ్లు, ఆ తర్వాత డిప్లొమా 2 ఏళ్లు. కనీసం సర్టిఫికెట్ స్థాయి వచ్చేవరకు ఆగమంటాను. తాళం తప్పితే ఎక్కడ తప్పిందో మీ అంతట మీకు తెలియాలి. అది తెలియని మనిషి ఇంకో కళాకారుడి పక్కన నిలబడితే భారమంతా ఆయన మీదే పడుతుంది.

హిప్‌హాప్, కాంటెంపరరీ నుంచి వచ్చేవాళ్లకూ ఇదే మాట. యూట్యూబ్ చూసి నేర్చుకున్నా ఫర్వాలేదు. ఒక శైలిలో మాత్రం స్థిరంగా ఉండండి.

మా గురువుగారు ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

చాటుగా చేయొద్దు. చిన్న ఊళ్లు మనవి, సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. తెలిశాక కలిగే బాధ మొదట్లో చెప్పి ఉంటే కలిగే కోపం కన్నా పెద్దది. ఏం కలుపుతున్నారో, ఎందుకు కలుపుతున్నారో ఐదు నిమిషాలు ఆడి చూపించండి. మాటల్లో చెబితే ‘ఫ్యూజన్’ అనే పేరు దగ్గరే గొడవ మొదలవుతుంది. చూశాక చాలామంది గురువులు ‘ఇక్కడ జతి (తాళానికి కట్టిన అడుగుల వరుస) మార్చు, అక్కడ ఆగు’ అని వాళ్లే చేయి వేస్తారు. అప్పటికీ వద్దంటే ఆయన నేర్పిన అంశాన్ని ముట్టుకోకుండా మీ సొంతంగా కొత్త అడుగులు కట్టుకోండి. పోస్టర్ మీద ఆయన పేరు వేసేముందు మాత్రం తప్పకుండా అడగండి.

మన సీమలో కలపడానికి ఏమున్నాయి? అన్నీ కోస్తాలోనే ఉన్నాయి కదా?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. మన పిల్లలకు మన ఊళ్లను మనమే చూపించలేదు.

కర్నూలు వైపు గొరవయ్యలున్నారు. మల్లన్న భక్తులు. ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, నల్ల కంబళి, చేతిలో ఢమరుకం, పిల్లనగ్రోవి. వాళ్ల నాట్యంలో గిరుక్కున తిరగడం చూశారంటే కూచిపూడిలో మన భ్రమరులు, అంటే గిరికీలు, గుర్తొస్తాయి, కానీ బరువంతా కిందికి దిగి ఉంటుంది. అనంతపురం పల్లెల్లో ఉరుములున్నాయి. పేరుకు తగ్గట్టే ఉరిమినట్టు మోగే వాద్యం, గ్రామదేవత జాతరలో దానితోపాటే అడుగు. కడప, అనంతపురం ఊళ్లలో శ్రీరామనవమికి చెక్కభజన. చేతిలో గజ్జెలు కట్టిన చెక్కలు, కాలికి గజ్జెలు, గుండ్రంగా తిరుగుతూ రామాయణ పాటలు. గురువు అడుగు మార్చగానే వలయమంతా ఒక్కసారిగా మారుతుంది. పైనుంచి వేలాడే తాళ్లను అల్లుతూ విప్పుతూ ఆడే జడకోలాటం ఉంది. ఒక్కరు లెక్క తప్పినా ముడి పడిపోతుంది. కొరియోగ్రఫీ నేర్చుకునేవాళ్లకు బృందాన్ని నడిపించడం గురించి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

శిల్పం కావాలంటే లేపాక్షి నాట్య మండపానికి వెళ్లండి. రంభ నాట్యం, మద్దెల వాయించే బ్రహ్మ, మూడు కాళ్ల భృంగి, అన్నీ స్తంభాల మీద ఉన్నాయి. తలెత్తితే విజయనగర కాలపు వర్ణచిత్రాలు. ఒక్కో స్తంభం దగ్గర నిలబడి ఆ భంగిమకు ముందు ఏ కదలిక ఉండి ఉంటుంది, తర్వాత ఏది వస్తుంది అని ఆలోచించమని మా పిల్లలకు చెబుతాను. భంగిమను అచ్చుగుద్దినట్టు దించడం కన్నా ఇది కష్టం, దీంతోనే ఎక్కువ వస్తుంది.

నాటకానికైతే చెప్పనే అక్కర్లేదు. బళ్లారి రాఘవ గారు పుట్టింది మన తాడిపత్రిలో. హార్మోనియం మీద పద్యం పాడగల పెద్దవాళ్లు ఇంకా ఊరూరా ఉన్నారు.

తోలుబొమ్మలాటతో నాట్యం చేయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో. ఆ ఊరు 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా కిందికి వస్తుంది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆంధ్ర తోలుబొమ్మలకు 2008లోనే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. కానీ అవార్డు చూసి వెళ్లకండి, ఆట చూడటానికి వెళ్లండి. ముఖ్యంగా తెర వెనక నుంచి చూడనివ్వమని అడగండి.

వెనక నుంచి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. బొమ్మను ఆడించే మనిషి తనూ ఆడుతుంటాడు. చేతుల్లో మనిషంత బొమ్మ, నోట్లో పాట, కాలి కింద చెక్కపలక. యుద్ధం ఘట్టం వస్తే ఆ పలక మీద ధడధడా తొక్కుతాడు. ప్రేక్షకులకు రథాల చప్పుడు, గదల చప్పుడు వినిపించేది అక్కణ్నుంచే. అంటే మీరు వెళ్లకముందే అక్కడ పాదం పని ఉంది. మీ గజ్జెల మోత, ఆయన పలక మోత ఒకేసారి పెడితే రెండూ పోతాయి. ఏ ఘట్టంలో ఎవరి పాదం మోగాలో మొదటి రిహార్సల్‌లోనే తేల్చుకోండి.

ఇక నీడ లెక్క. తెరకు 10 అడుగుల వెనక దీపం పెట్టారనుకోండి. మీరు తెరకు ఒక అడుగు దూరంలో ఉంటే నీడ దాదాపు మీ అంతే ఉంటుంది. సరిగ్గా మధ్యకొస్తే మీకు రెట్టింపు. దీపానికి 2 అడుగుల దగ్గరకు వెళ్తే ఐదు రెట్లు, కానీ అంచులు మసకబారతాయి. బాలకృష్ణుడు విశ్వరూపం చూపాలంటే గ్రాఫిక్స్ అక్కర్లేదు, వెనక్కి నాలుగడుగులు చాలు. ఆ నాలుగడుగులూ తాళంలో పడాలి, అదీ కొరియోగ్రఫీ. దీపం ఒక్కటే ఉండాలి, చిన్నదై ఉండాలి. వెడల్పాటి ఎల్‌ఈడీ ప్యానెల్ పెడితే నీడ అంచులు చెదిరిపోతాయి.

తోలుబొమ్మ రంగుల్లో కనిపిస్తుంది, ఎందుకంటే తోలులోంచి వెలుగు వస్తుంది, బొమ్మ తెరకు ఆనుకుని ఉంటుంది. మనిషి మాత్రం నల్లని నీడే. ఈ తేడాను దాచడానికి ప్రయత్నించొద్దు, దాని మీదే కథ కట్టండి. పది తలల రావణుడు రంగుల బొమ్మగా, సీత నల్లని నీడగా నిలబడితే ఎవరికి బలం ఉందో, ఎవరికి ప్రాణం ఉందో మాట లేకుండానే తెలుస్తుంది. ఒకచోట నేనూ నా విద్యార్థులూ ఇలా చేస్తే, ముందు వరుసలో కూర్చున్న అవ్వ ఒకామె ‘సీత మాత్రం మనిషే’ అని పక్కామెతో అంది.

నీడలో ముఖం కనబడదు. కంటి అభినయం ఏమీ పనిచేయదు. ఛాతీ ముందు పట్టే హస్తముద్రలు ఒంటి నల్లదనంలో కలిసిపోతాయి. అందుకే చేయి ఒంటికి దూరంగా రావాలి, పక్కకు తిరగాలి. బొమ్మలు పక్కవాటంగా చెక్కి ఉండటానికి కారణం మీ ఒంటికే అర్థమవుతుంది. మామూలు స్టేజి మీద ఏళ్లతరబడి ఆడినవాళ్లు కూడా ఇక్కడ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

మరొకటి. బొమ్మలాటలో నవ్వించే కేతిగాడు, బంగారక్క పాత్రలను వదిలేయకండి. శాస్త్రీయ నాట్యం చేసేవాళ్లకు హాస్యం అంటే బిడియం. బొమ్మలాటకు జనం వచ్చేది సగం ఆ ఇద్దరి కోసమే.

వేమన పద్యాలకు నాట్యం కట్టొచ్చా? నాలుగు పాదాలకే అయిపోతుంది కదా?

కట్టొచ్చు, అద్భుతంగా వస్తుంది. కీర్తనలా కాకుండా లయ పట్టుకుని వెళ్లాలి. వేమన పద్యాల ఛందస్సు ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం ఐదు సూర్యగణాలు. ‘విశ్వదాభిరామ వినురవేమ’ అనేదాన్ని విడగొట్టి చప్పట్లు వేయండి: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. ఒక్కోటి మూడేసి మాత్రలు (మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు), మొత్తం 15. మూడేసి లెక్కన సాగే శుద్ధమైన తిశ్ర నడక. కానీ ఒకటో పాదం, మూడో పాదం మొదట మూడు సూర్యగణాలు, తర్వాత రెండు ఇంద్రగణాలు. అవి నాలుగో ఐదో మాత్రలుంటాయి. కాబట్టి బేసి పాదం చివర్లో నడక సాగుతుంది, సరి పాదంలో మళ్లీ మూడుకు వస్తుంది. ఆ సాగిన చోట అడుగు ఆపి అభినయం చేయండి, తిశ్రం వచ్చాక అడుగు వేయండి. పద్యమే మీకు కొరియోగ్రఫీ ఇచ్చేస్తుంది.

నిడివి గురించి టెన్షన్ వద్దు. ఒక పద్యాన్ని మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, ఆడి, మధ్యలో జతి పెడితే ఆరేడు నిమిషాలు హాయిగా వస్తుంది. కుదిరితే కదిరి దగ్గర కటారుపల్లెకు వెళ్లి వేమన సమాధి చూసి రండి. ఆ చుట్టుపక్కల పెద్దవాళ్ల చేత పద్యం చదివించుకుని వినండి. బడిలో మనం నేర్చుకున్న రాగం వేరు, వాళ్ల రాగం వేరు.

ఆచారంగా చేసే కళలను స్టేజి మీదికి తేవచ్చా?

అన్నింటినీ తేకూడదని నా అభిప్రాయం. గొరవయ్య వేషం దీక్షతో ముడిపడినది. ఆ టోపీ, కంబళి అద్దెకు తెచ్చి కాలేజీ ఫంక్షన్లో వేసుకోవడం వాళ్ల భక్తిని ఫ్యాన్సీ డ్రెస్ చేయడమే. వాళ్లను అడిగి, వాళ్లనే పిలిచి, వాళ్ల వేషంలో వాళ్లు, మన వేషంలో మనం నిలబడి చేయండి. జాతరలో మాత్రమే పాడే పాట, అక్కడే వాయించే దరువు కొన్ని ఉంటాయి. ‘ఇది బయట వాయించం’ అని ఆ కళాకారుడు అంటే అక్కడితో ఆపేయాలి. ఫోన్లో చాటుగా రికార్డు చేసి ట్రాక్‌లో వాడేసినవాళ్లను చూశాను. ఆ ఊరి మేళం తర్వాత ఏ కుర్రాడినీ దగ్గరకు రానివ్వలేదు.

జానపద కళాకారులకు ఎంత ఇవ్వాలి?

మీకెంత వస్తుందో అంత. డబ్బే రాని ప్రదర్శనైతే వాళ్లకు మాత్రం ఇవ్వండి. మనకు అది ఒక సాయంత్రం, వాళ్లకు పోయిన కూలి. రిహార్సల్ రోజులకూ లెక్క కట్టాలి. బస్సు చార్జీ, భోజనం, రాత్రి పడుకునే చోటు ముందే మాట్లాడి, సగం అడ్వాన్సు చేతిలో పెట్టండి. పోస్టర్‌లో ‘మరియు బృందం’ అని వేయడం నాకు అస్సలు నచ్చదు. వాయించిన ప్రతి మనిషికీ పేరుంది, మీ పేరు ఎంత సైజులో ఉందో అదే సైజులో వేయండి. వార్తాపత్రిక వాళ్లు ఫోటో అడిగినప్పుడు ఆయన్ని పక్కన నిలబెట్టుకోండి.

కాపీరైట్ గొడవలు వస్తాయా?

అన్నమయ్య మాటలకు రావు. ఆయన 15వ శతాబ్దం మనిషి. బాణీ మాత్రం వేరే సంగతి. మన చట్టంలో రచయిత, స్వరకర్త పోయాక 60 ఏళ్లవరకు హక్కు ఉంటుంది. చాలా కీర్తనలకు స్వరం కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మన అనంతపురం జిల్లా రాళ్లపల్లిలోనే పుట్టారు, 1979లో పోయారు. లెక్క వేసుకోండి. సినిమా పాట రికార్డును టికెట్ ప్రదర్శనలో వాడాలంటే లైసెన్సు కావాలి. నా సలహా, ఊళ్లో గాయకుడితో కొత్త బాణీ కట్టించుకోండి.

మీ కొరియోగ్రఫీకీ రక్షణ ఉంది. 1957 కాపీరైట్ చట్టం నృత్య రచనను నాటక రచన కింద లెక్కిస్తుంది, కాకపోతే అది రాతలోనో మరో రూపంలోనో నమోదై ఉండాలి. మొత్తం ఐటమ్ వీడియో తీసి, అడుగులు నోట్సు రాసి, తేదీ వేసి దాచండి.

స్కాలర్‌షిప్‌లు ఉన్నాయా?

ఉన్నాయి, మనవాళ్లు దరఖాస్తు పెట్టడమే తక్కువ. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు, నెలకు ₹5,000 చొప్పున 2 ఏళ్లు. గురువు దగ్గర కనీసం 5 ఏళ్లు నేర్చి ఉండాలి. 25 నుంచి 40 ఏళ్ల వాళ్లకు జూనియర్ ఫెలోషిప్, నెలకు ₹10,000, అదీ 2 ఏళ్లే. బొమ్మలాట, నాట్యం కలిపి ఏదైనా పరిశోధనగా చేయాలనుకునేవాళ్లకు ఈ ఫెలోషిప్ బాగా సరిపోతుంది. సంగీత నాటక అకాడమీ పురస్కారాల్లో సృజనాత్మక నృత్యానికి వేరే విభాగమే ఉంది. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం పరిధిలోకి మన రాష్ట్రమూ వస్తుంది, వాళ్ల వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. మొత్తాలు, గడువులు మారొచ్చు, నోటిఫికేషన్ చదివాకే నింపండి.

మా అమ్మాయి డిగ్రీ మానేసి ఇదే చేస్తానంటోంది. బతుకుతెరువు ఉంటుందా?

అమ్మా, డిగ్రీ మాన్పించొద్దు. ప్రదర్శనల మీదే బతికేవాళ్లు పెద్ద నగరాల్లోనూ కొద్దిమందే. ఎక్కువమందికి క్లాసులు చెప్పుకోవడమే ఆదాయం. కానీ నాట్యాన్నే డిగ్రీగా చదవొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూచిపూడిలో పీజీ ఉంది, తిరుపతిలో టీటీడీ సంగీత నృత్య కళాశాల ఉంది. అది ‘మానేయడం’ కాదు, చదువే.

అబ్బాయి చేస్తే బంధువులు నవ్వుతున్నారండి.

కూచిపూడిని శతాబ్దాలు నడిపింది మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా రంగం మీదికి వస్తే ఆడవాళ్లే ఆశ్చర్యపోయి చూసేవారు. బంధువులను ప్రదర్శనకు పిలవండి.

బెంగళూరు వెళ్లిపోవాలా?

నేర్చుకోవడానికి వెళ్లండి. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాద్ రెండూ ఇంచుమించు 210 కిలోమీటర్లే, వారాంతం వర్క్‌షాప్‌కు వెళ్లి రావచ్చు. కాంటెంపరరీ శరీర శిక్షణ, లైటింగ్ డిజైన్ ఇక్కడ నేర్పేవాళ్లు తక్కువ. కానీ అక్కడి కొరియోగ్రాఫర్లు పరిశోధన అని చెప్పి వెతుక్కుంటూ వచ్చే కళలు మీ ఊరి పొలిమేరలోనే ఉన్నాయి. ఆ సంగతి తెలిసి వెళ్తే అక్కడా మీకు విలువ ఉంటుంది.

ఎక్కడ ప్రదర్శించాలి?

అనంతపురంలో లలిత కళా పరిషత్తు, కర్నూలులో టీజీవీ కళాక్షేత్రం నాటకాలకు, నాట్యానికి అలవాటైన వేదికలు. లేపాక్షి, గండికోట ఉత్సవాలు జరిపే ఏడాది జిల్లా అధికారులకు, పర్యాటక శాఖకు ముందుగానే వీడియోతో దరఖాస్తు ఇవ్వండి. ఉత్సవం కాని రోజుల్లో ఆ కట్టడాల్లో ప్రదర్శనకో షూటింగ్‌కో పురావస్తు శాఖ అనుమతి తప్పనిసరి.

మొదటి ప్రదర్శనకు మాత్రం నేను ఆడిటోరియం వద్దంటాను. మీరు ఏ కళాకారుడితో కలిసి చేశారో ఆయన ఊళ్లోనే, గుడి ముందో బడి ఆవరణలోనో పెట్టండి. పదిహేను నిమిషాలకు మించకుండా చూసుకోండి. అక్కడ కూర్చున్నవాళ్లకు ఆ దరువు చిన్నప్పటి నుంచి తెలుసు. మీరు ఎక్కడ తేలిపోయారో అక్కడ మాట్లాడుకోవడం మొదలుపెడతారు, ఎక్కడ పట్టుకున్నారో అక్కడ నిశ్శబ్దమవుతారు. ఒక విద్యార్థిని ఫోన్ పట్టుకుని ప్రేక్షకుల వైపు వీడియో తీయమనండి. మర్నాడు ఆ వీడియో, మీ ఐటమ్ వీడియో పక్కపక్కన పెట్టుకుని చూసి, మార్చాల్సినవి మార్చి, అప్పుడు కళాక్షేత్రానికి తేదీ అడగండి.